ర్యాలీ అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేం ఎనిమిది మంది స్నేహితులం. ఇద్దరు ట్రాన్స్, నలుగురు గే, లెస్బియన్ మిత్రులు, మిగతా ఇద్దరం మద్దతుగా చేరినవాళ్లం. ఏడాది కిందట చిన్న సంఘం పెట్టుకుని ఎల్జీబీటీక్యూ హక్కుల కోసం ర్యాలీ తీశాం. అనుకున్నదానికంటే ఎక్కువ మందే వచ్చారు. పెళ్లి హక్కు, ఉద్యోగాల్లో వివక్ష మీద నిషేధం, పోలీసుల వేధింపులు ఆగడం, యూనివర్సిటీ గుర్తింపు కార్డుల్లో ట్రాన్స్ విద్యార్థులు తాము పెట్టుకున్న పేరు, పత్రికల భాషలో మార్పు... ఇలా మొత్తం పదకొండు డిమాండ్లు చదివాం. ఫొటోలకు బోలెడు లైకులు వచ్చాయి. ఆరు నెలలు గడిచాక చూస్తే ఒక్కటీ కదల్లేదు. పైగా ఆ ఫొటోల్లో ఒకటి మాలో ఒకమ్మాయి ఇంటికి చేరింది. ఆమె కట్టుబట్టలతో బయటికి రావాల్సి వచ్చింది. సర్టిఫికెట్లు కూడా అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు ఒకరు కోర్టుకెళ్దామంటారు, ఇంకొకరు మరింత పెద్ద ర్యాలీ అంటారు, ఒకరు ఇక మానేద్దామంటారు. నేనైతే రోజూ అర్ధరాత్రి దాకా తిట్టే కామెంట్లకు జవాబులు రాస్తున్నాను. ఇంతకీ నిజంగా పనిచేసే పద్ధతులంటూ ఉన్నాయా? మా దగ్గర డబ్బు లేదు, పలుకుబడీ లేదు.
(పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఉత్తరంలో ర్యాలీ ముందొచ్చింది, ఆ అమ్మాయి తర్వాత వచ్చింది. నేను ఆమె దగ్గర్నుంచి మొదలుపెడతాను. తప్పు పట్టడానికి కాదు. ఫొటోలు పెట్టినప్పుడు మీలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదని తెలుస్తూనే ఉంది. కానీ డబ్బూ పలుకుబడీ లేని సంఘానికి ఉన్న ఆస్తల్లా సభ్యులకు దాని మీద ఉండే నమ్మకమే. అది చెదిరితే ఎంత గొప్ప ప్రణాళిక వేసుకున్నా నడిపే మనుషులు మిగలరు.

తెలుగులో 'బయటపడటం' అనే మాటకు రెండర్థాలున్నాయి. దాచుకున్నది నలుగురికీ తెలిసిపోవడం ఒకటి, ఆపద నుంచి గట్టెక్కడం ఇంకొకటి. తన గురించి తాను చెప్పుకున్న మనిషికి రెండోది దక్కే అవకాశం ఉంది. వేరేవాళ్లు చెప్పేస్తే మొదటిదే మిగులుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో తాను గే అని బాహాటంగా చెప్పుకుని ఎన్నికల్లో గెలిచిన హార్వీ మిల్క్ పేరు మీరు వినే ఉంటారు. 1978లో కాలిఫోర్నియాలో గే, లెస్బియన్ టీచర్లను బడుల్లోంచి తీసేయడానికి వీలిచ్చే ప్రతిపాదన ఓటింగుకు వచ్చింది. 'ఇంట్లో చెప్పండి, స్నేహితులకు చెప్పండి, పనిచేసే చోట చెప్పండి' అని ఆయన గే, లెస్బియన్ మనుషులను బతిమాలారు. తెలిసిన మనిషికి వ్యతిరేకంగా ఓటేయడం ఎవరికైనా కష్టమన్నది ఆయన లెక్క. లెక్క ఫలించింది. 58 శాతం మంది వద్దన్నారు, ప్రతిపాదన ఓడిపోయింది.

అదే మిల్క్ గురించి తక్కువగా చెప్పుకునే సంగతి ఇంకొకటుంది. అంతకు మూడేళ్ల ముందు, 1975 సెప్టెంబరులో, శాన్‌ఫ్రాన్సిస్కోలో అధ్యక్షుడు ఫోర్డ్ మీద ఒకామె తుపాకీ ఎక్కుపెడితే ఆలివర్ సిపుల్ అనే మాజీ సైనికుడు ఆమె చేయి పట్టుకుని గురి తప్పించాడు. సిపుల్ గే అన్న విషయం అతని ఇంట్లో తెలియదు. మనలోనూ వీరులున్నారని లోకానికి తెలియాలనే ఆశతో మిల్క్ ఆ మాట ఒక పత్రికా రచయిత చెవిన వేశారు. అచ్చయిపోయింది. కన్నతల్లి కొడుకుతో మాట్లాడటం మానేసింది. సిపుల్ పత్రికల మీద కేసు వేసి ఓడిపోయాడు. మిల్క్ ఉద్దేశం మంచిదే, మీ ఫొటోల్లాగే. అడగకుండా చెప్పడానికీ, అడిగి ఒప్పించడానికీ మధ్య తేడా ఎంతో చూడటానికి ఒకే మనిషి జీవితంలో రెండు ఉదాహరణలు దొరికాయి.

కాబట్టి ఈ వారమే ఒక నియమం రాసుకోండి. ముఖం కనిపించే ఏ ఫొటో అయినా ఆ మనిషి ఫలానా చోట, ఫలానా పేరుతో పెట్టొచ్చని చెప్పాకే బయటికి వెళ్లాలి. ఒకసారి సరే అంటే ఎప్పటికీ సరే అన్నట్టు కాదు, తీసేయమంటే ఎందుకని అడక్కుండా తీసేయాలి. ముఖం మసకబారిస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. చేతి మీది పచ్చబొట్టు, రోజూ వేసుకునే చొక్కా, పక్కన నిలబడ్డ స్నేహితురాలు, వీటిని బట్టి ఇంట్లోవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. కార్యక్రమాల్లో ఫొటో వద్దనుకునేవాళ్లకు ఒక రంగు స్టిక్కర్ ఇవ్వండి, కెమెరా పట్టుకున్న ప్రతివాళ్లకూ దాని సంగతి ముందే చెప్పండి. వెనక నుంచి తీసిన ఫొటోలు, చేతులు, ప్లకార్డులు చాలు, వార్తకు ఏ లోటూ రాదు. సభ్యుల పేర్లూ నంబర్లూ ఒకే షీటులో పెట్టి అందరికీ పంచే అలవాటు ఉంటే మానేయండి. గ్రూపులో మెసేజ్‌లు కొన్ని రోజులకు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకోండి. సంఘం ఖాతాలకు పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే రెండంచెల తాళం వేయండి. ఎవరికైనా అర్ధరాత్రి ఇల్లు వదలాల్సి వస్తే ఎవరి గదిలో ఉండాలి, ఏ లాయరుకు ఫోన్ చేయాలి, దారి ఖర్చు ఎవరిస్తారు అనేవి ముందే అనుకుని ఉండాలి. మేం కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు మా సంఘం మొదటి కరపత్రం అడుగున గర్వంగా సభ్యులందరి పేర్లూ అచ్చేసుకున్నాం. రెండు నెలల్లో సగం మంది రావడం మానేశారు. మేం దానికి 'నిబద్ధత లేకపోవడం' అని పేరు పెట్టాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక మీ పదకొండు డిమాండ్లు. అన్నీ న్యాయమైనవే. కానీ ఆ ర్యాలీ చూసిన వాళ్లలో 'ఇది నేను చేయాల్సిన పని' అని ఎవరికైనా అనిపించి ఉంటుందా? పెళ్లి చట్టం మార్చేది ఒకరు, పోలీసులకు ఆదేశాలిచ్చేది ఇంకొకరు, పత్రికలో మాట దిద్దేది మరొకరు. అందరినీ ఒకేసారి అడిగితే ఎవరినీ అడగనట్టే అయింది. మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే: కార్యక్రమం ఏం చేద్దామని కాదు, ఎవరి నిర్ణయం మారాలి అని మొదలుపెట్టండి. ఆ మనిషి పేరు, హోదా కాగితం మీద రాయగలిగిన రోజున మీ ఉద్యమం మొదలైనట్టు.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి పాఠం 1970ల అమెరికాలో ఉంది. ఆ రోజుల్లో గే, లెస్బియన్ మనుషులను ఉద్యోగాల్లోంచి తీసేయాలన్నా, పిల్లల్ని దూరం చేయాలన్నా, ఆసుపత్రిలో పెట్టి కరెంటు షాకులివ్వాలన్నా అందరికీ ఆసరాగా నిలిచింది ఒకే ఒక్క మాట: ఇది మానసిక రోగం. ఆ మాట అచ్చయి ఉన్నది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి రోగాల పట్టికలో. ఫ్రాంక్ కామెనీ, బార్బరా గిట్టింగ్స్ వంటి ఉద్యమకారులు సమాజం మొత్తాన్ని మార్చడానికి బయల్దేరలేదు, ఆ పట్టికలో ఒక పద్దు కొట్టేయించడానికి బయల్దేరారు. 1970లో ఆ సంఘం వార్షిక సభలోకి చొరబడి అల్లరి చేశారు. దాంతో మరుసటి ఏడాది మాట్లాడే చోటు దొరికింది. చేతిలో ఆధారమూ ఉంది. గే మగవాళ్లకూ మిగతావాళ్లకూ చేసిన పరీక్షల ఫలితాలను చూసి ఎవరు ఎవరో నిపుణులే తేల్చలేకపోయారని ఎవెలిన్ హుకర్ అనే మనస్తత్వవేత్త 1957లోనే చూపించారు. ఒక్కటే కొరత. గే అయిన సైకియాట్రిస్టు ఒక్కరు కూడా ఆ వేదిక ఎక్కి మాట్లాడలేదు. గిట్టింగ్స్ చాలామందిని అడిగారు. ఉద్యోగం పోతుందని అందరూ వెనక్కి తగ్గారు. చివరికి జాన్ ఫ్రైయర్ అనే డాక్టరు ముఖం దాచుకోనిస్తే వస్తానన్నారు. 1972లో డల్లాస్ సభలో రబ్బరు ముసుగు, విగ్గు, వదులు సూటు వేసుకుని, గొంతు మార్చే మైకు ముందు కూర్చుని, 'నేను హోమోసెక్సువల్‌ని. నేను సైకియాట్రిస్టును' అన్నారు. తర్వాత వర్గీకరణ కమిటీలోని రాబర్ట్ స్పిట్జర్ ఉద్యమకారులతో కూర్చుని వాళ్ల మాట విని, ముసాయిదా తయారు చేశారు. 1973 డిసెంబరులో ఆ పద్దు పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పట్టికలోంచి తీసేయడానికి 1990 మే 17 దాకా పట్టింది, అది వేరే కథ.

ఇందులో ఎన్ని పనిముట్లున్నాయో చూడండి. బయట అల్లరి చేసేవాళ్లు, లోపల వినే మనిషి, కాదనలేని ఆధారం, ఒక మనిషి సొంత గొంతు. ఏ ఒక్కటీ ఒంటరిగా పని చేసేది కాదు. ఇంకో సంగతి, ఆ గొంతుకు ముఖం లేదు. మీ సంఘంలో బయటికి రాలేనివాళ్లు దేనికీ పనికిరారని ఎవరైనా అంటే ఫ్రైయర్ ముసుగు గుర్తు చేయండి.

మీ పదకొండులో నన్ను ఎంచుకోమంటే గుర్తింపు కార్డు మీది పేరు తీసుకుంటాను. అది చిన్నదని కాదు. హాజరు పిలిచిన ప్రతిసారీ, గేటు దగ్గర కార్డు చూపిన ప్రతిసారీ పాత పేరుతో నలుగురిలో బయటపడాల్సి రావడం రోజువారీ హింస. పైగా నిర్ణయించేది ఒక్క కార్యాలయం, గెలిచామో లేదో స్పష్టంగా తెలుస్తుంది. డిమాండును ఇలా రాయండి: 'వచ్చే అడ్మిషన్లు మొదలయ్యేలోగా రిజిస్ట్రార్ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. కార్డు, హాజరు పట్టిక, ఈమెయిల్‌లో విద్యార్థి చెప్పిన పేరే ఉండాలి. దానికి డాక్టరు కాగితం అడగకూడదు.' ఆ చివరి వాక్యం వదలకండి. మనిషి తన జెండర్ తానే ప్రకటించుకుంటే చాలు, డాక్టరూ జడ్జీ ధ్రువీకరించనక్కర్లేదు అని అర్జెంటీనా 2012లో చట్టమే చేసింది. అదేమీ వింత కోరిక కాదని చెప్పడానికి అది పనికొస్తుంది.

రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లే ముందు పరీక్షల విభాగంలో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగిని కలవండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. 'సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేదు' అన్న ఒక్క మాట దగ్గరే ఇలాంటివి ఏళ్ల తరబడి ఆగిపోతుంటాయి. ఆ గడి పెట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఎవరు సంతకం చేయాలో ఆయనకే తెలుసు. అది తెలుసుకుని వెళ్తే రిజిస్ట్రార్ దగ్గర మీది ఫిర్యాదు కాదు, సిద్ధంగా ఉన్న పని అవుతుంది. 1988 అక్టోబరు 11న ఎయిడ్స్ మందుల ఆలస్యం మీద ఆక్ట్ అప్ కార్యకర్తలు అమెరికా మందుల నియంత్రణ సంస్థ కార్యాలయాన్ని చుట్టుముట్టినప్పుడు జనం చూసింది నినాదాలే. దానికి ముందు వాళ్లు మందులకు అనుమతి ఎలా వస్తుంది, ఏ మెట్టు దగ్గర ఎందుకు ఆగుతుంది అని వారాల తరబడి చదివి, ఒక చేతిపుస్తకం రాసుకుని, వచ్చే ప్రతివాళ్లకూ నేర్పారు. అధికారులకే అర్థం కాని వివరాలు వాళ్ల నోట వచ్చేవి. ఏడాది తిరిగేసరికి రోగులకు మందులు ముందుగా అందించే దారులు తెరుచుకున్నాయి.

ఆ తర్వాత ఒక పెద్ద కాగితం తీసుకుని మధ్యలో రిజిస్ట్రార్ అని రాయండి. ఆయన ఎవరి మాట వింటారు? ఉపాధ్యాయ సంఘం, విద్యార్థి సంఘం, పూర్వ విద్యార్థులు, లీగల్ సలహాదారు. ఒక్కొక్కరి పక్కన వాళ్లు ఏ మెట్టు మీదున్నారో రాయండి: మనతో కలిసి నడిచేవాళ్లు, మంచిదే అనుకుంటూ ఊరికే ఉండేవాళ్లు, ఏమీ పట్టనివాళ్లు, ఇష్టంలేక గొణిగేవాళ్లు, పనిగట్టుకుని అడ్డుపడేవాళ్లు. ఒక్కొక్కరిని ఒక్కో మెట్టు ఇటు జరిపితే చాలు. శత్రువును మిత్రుణ్ని చేయనక్కర్లేదు. ఊరికే ఉన్నవాళ్లతో ఒక సంతకం పెట్టించండి, ఏమీ పట్టనివాళ్లకు ఒక మనిషి కథ వినిపించండి, గొణిగేవాళ్లు కనీసం ఎదురు తిరగకుండా చూడండి.

ఇప్పుడు మీ అర్ధరాత్రి కామెంట్ల సంగతి. మీరు నిద్ర మానుకుని జవాబిస్తున్నది అయిదో రకానికి. వాళ్లు మారరు, మీరు రాసిన కొద్దీ వాళ్ల మాట ఇంకో వెయ్యి మందికి చేరుతుంది. అబద్ధాన్ని ఖండించాల్సి వస్తే ముందు నిజం చెప్పండి, అబద్ధాన్ని ఒక్క ముక్కలో ప్రస్తావించండి, మళ్లీ నిజంతో ఆపండి. బెదిరింపులుంటే స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, సమయం, లింకు రాసి పెట్టుకుని బ్లాక్ చేయండి. ఈ పని ఇద్దరు వంతులవారీగా, రోజుకు అరగంట చేస్తే చాలు. మిగతా సమయం మధ్యలో ఉన్నవాళ్లతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటానికి పెట్టండి. మీకు ఎక్కువ ఫలితం వచ్చేది అక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2008 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు 52 శాతం ఓట్లతో స్వలింగ వివాహాన్ని నిషేధించారు. ఓడిపోయినవాళ్లు బాధపడి ఊరుకోలేదు. లాస్ ఏంజెలెస్ ఎల్జీబీటీ సెంటర్ తరఫున డేవ్ ఫ్లైషర్ బృందం తమకు వ్యతిరేకంగా ఓటేసిన పేటల్లో ఇంటింటికీ వెళ్లి 'ఎందుకు అలా ఓటేశారు?' అని అడిగింది. వేల సంభాషణలు రికార్డు చేసుకుని, ఏది పనిచేస్తోందో ఏది చేయట్లేదో చూసుకుంది. వాదనలు పనిచేయట్లేదని తేలింది. ఎదుటి మనిషి తన సొంత అనుభవం చెప్పినప్పుడే ఏదో కదులుతోందని అర్థమైంది. ఈ పద్ధతి మీద 2014లో ఒక పెద్ద పరిశోధన అచ్చయి, లెక్కలు కల్పించినవని తేలి మరుసటి ఏడాదే రద్దయింది. ఆ మోసాన్ని బయటపెట్టినవాళ్లలో ఇద్దరు, డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా, మయామీలో ట్రాన్స్ మనుషుల హక్కుల మీద నిజమైన ప్రయోగం చేశారు. సుమారు పది నిమిషాల మాటతో వచ్చిన మార్పు మూడు నెలల తర్వాత కూడా నిలిచి ఉందని 2016లో ప్రకటించారు. మాట్లాడేవాళ్లు ట్రాన్స్ అయినా కాకపోయినా పద్ధతి పనిచేసింది. మీ ఇద్దరు మద్దతుదారులకు ఇక్కడ చేతి నిండా పని ఉంది, బయటికి రాలేనివాళ్ల మీద భారం పడదు.

ఎలా మాట్లాడాలంటే, ముందు అభిప్రాయం అడగండి. 'కార్డు మీద తాను చెప్పిన పేరు ఉండటాన్ని మీరు సున్నా నుంచి పది దాకా ఎంత సమర్థిస్తారు?' నాలుగు అంటారు. మొహం చిట్లించకండి, 'నాలుగే ఎందుకు?' అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగండి. 'ఎవడైనా ఇష్టమొచ్చిన పేరు పెట్టుకుంటే క్రమశిక్షణ ఏముంటుంది?' అనొచ్చు. వాదనకు దిగకండి. 'మిమ్మల్ని ఎప్పుడైనా మీరు కానిదానితో పిలిచారా? ఏదో ఒక ముద్ర వేసి చిన్నచూపు చూశారా?' అని అడగండి. దాదాపు ప్రతి మనిషి దగ్గరా ఒక కథ ఉంటుంది. బడిలో లావని ఏడిపించిన కథ, యాస మీద నవ్విన కథ, పేదరికం కథ. చెప్పనివ్వండి, మధ్యలో దూరకండి. అయ్యాక మీ కథో, అనుమతి తీసుకున్న స్నేహితురాలి కథో చెప్పండి, రెండు నిమిషాలు చాలు. అప్పుడు ఆయన చెప్పినదాన్నీ మీరు చెప్పినదాన్నీ పక్కపక్కన పెట్టి, ఇందాకటి భయం గురించి మాట్లాడండి. చివర్లో మళ్లీ అదే అంకె అడగండి. నాలుగు ఆరయితే ఆ పూటకు చాలు. ఒక్కోసారి నాలుగు నాలుగుగానే ఉంటుంది, టీ తాగి లేచి రండి.

ఒక జాగ్రత్త. కథ చెప్పేవాళ్లు అలిసిపోతారు. తన గాయాన్ని రోజుకు పదిసార్లు చెప్పమనడం ఉద్యమం పేరుతో చేసే ఇంకో రకం వాడకం. ఆ అమ్మాయి తానుగా అడిగితే తప్ప ఆమె కథను దీనికి వాడకండి.

పెద్ద ఎత్తునా ఇదే సూత్రం నడిచింది. 2015 మే 22న ఐర్లండ్ ప్రజాభిప్రాయ సేకరణలో స్వలింగ వివాహానికి 62 శాతం ఓట్లు పడ్డాయి. దానికి ముందు విద్యార్థులు నడిపిన ఒక ప్రచారం పేరే 'మీ నాయనమ్మకు ఫోన్ చేయండి'. వక్తలూ వేదికలూ కాదు, మనవళ్లు ఫోన్ చేసి మాట్లాడారు. అమెరికాలోనూ 2008 ఓటమి తర్వాత వివాహ హక్కు ఉద్యమం 'హక్కులు, ప్రయోజనాలు' అనే భాష తగ్గించి 'ప్రేమ, తోడు, కుటుంబం' అనే భాషకు మారింది. 2012లో మెయిన్, మేరీల్యాండ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఓటర్ల చేతనే గెలిచింది. అలాగని మీ అంతట మీరు ఎప్పుడూ ఓటింగు కోరకండి. తైవాన్‌లో 2017లో రాజ్యాంగ న్యాయస్థానం అనుకూలంగా తీర్పు చెప్పినా మరుసటి ఏడాది ప్రజాభిప్రాయంలో ఓడిపోయారు. చట్టసభ ధైర్యం చేసి 2019లో చట్టం తెచ్చింది కాబట్టి సరిపోయింది. కొద్దిమంది హక్కును ఎక్కువమంది చేతులెత్తే లాటరీలో పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు.

భాష అన్నాను కాబట్టి పత్రికల సంగతి కూడా. 'స్వలింగ సంపర్కులు' అనే మాట చూడండి. మనిషి మొత్తాన్ని, అతని ఉద్యోగాన్ని, ప్రేమను, జ్వరాన్ని, అప్పుల్ని అన్నిటినీ ఒక్క పడకగదిలోకి కుదించేస్తుంది. రాసేవాళ్లలో ఎక్కువ మంది ద్వేషంతో కాదు, వేరే మాట చేతికి అందక రాస్తారు. నిరసన లేఖ బదులు ఒక పేజీ పదాల పట్టిక తయారు చేసి డెస్కుల్లో పనిచేసేవాళ్లకు ఇవ్వండి: ఈ మాట బదులు ఈ మాట, ట్రాన్స్ మహిళను 'ఆమె' అనాలి, పాత పేరు రాయొద్దు, అనుమతి లేకుండా ఊరూ వయసూ రాయొద్దు. గడువు తరుముకొస్తున్న సబ్ఎడిటరుకు ఉపన్యాసం కన్నా పట్టిక ఉపయోగం.

కోర్టు. ఇక్కడ నాకు పదిహేడు అనే అంకె వెంటపడుతూ ఉంటుంది. అమెరికాలో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే చట్టం మీద మైకేల్ హార్డ్‌విక్ వేసిన కేసు 1986లో ఓడిపోయాక, పడకగదిలో పోలీసులకు పనిలేదని సుప్రీంకోర్టు చేత అనిపించడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. పదిహేడేళ్లు. భారతదేశంలో నాజ్ ఫౌండేషన్ అనే సంస్థ, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ మీద 2001లో కేసు వేసింది, 2009లో ఢిల్లీ హైకోర్టులో గెలిచింది, 2013లో సుప్రీంకోర్టులో ఓడింది, చివరికి 2018 సెప్టెంబరు 6న నవతేజ్ జోహర్ కేసులో ఆ సెక్షన్ పరస్పర అంగీకారం ఉన్న పెద్దలకు వర్తించదని తీర్పు వచ్చింది. మళ్లీ పదిహేడేళ్లు. కోర్టు వద్దని కాదు. ముందు మూడు ప్రశ్నలకు జవాబుండాలి. తన పేరు కాగితాలకెక్కినా తట్టుకోగల, ఏళ్ల తరబడి నిలబడగల మనిషి ఉన్నారా? ఓడిపోతే ఇప్పుడున్నదానికంటే దిగజారుతామా? బయట జనంలో ఆ తీర్పును మోసేవాళ్లున్నారా? 377 కేసులో కూడా లాయర్లు మాత్రమే లేరు. కన్న పిల్లల తరఫున తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లారు, మానసిక వైద్యులు వెళ్లారు. మీ గుర్తింపు కార్డు విషయంలో కోర్టు చివరి మెట్టు. అప్పటిదాకా వినతిపత్రాలు, వాటికి వచ్చిన జవాబులు, జవాబు రాలేదన్న రుజువులు తేదీలతో సహా దాచండి, ఆ ఫైలే రేపు లాయరు అడుగుతారు.

పదిహేడు మూడోసారి కూడా వస్తుంది, అది మన సొంత తప్పు. న్యూయార్క్ రాష్ట్రంలో 2002లో లైంగిక ధోరణి ఆధారంగా వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. ట్రాన్స్ మనుషులను కలిపితే బిల్లు గట్టెక్కదని వాళ్లను వదిలేశారు, తర్వాత చూద్దామన్నారు. ఆ 'తర్వాత' 2019లో వచ్చింది. మీ ఎనిమిది మందిలో ఇద్దరు ట్రాన్స్ అన్నారు. డిమాండు ఎంచుకునేటప్పుడు, బేరమాడేటప్పుడు, చివరి కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు వాళ్లు గదిలో ఉండాలి. ఎవరినైనా వదిలేసి గెలిచే మాట వస్తే అది వాళ్ల ముందే రావాలి.

పలుకుబడి లేదన్నారు. పలుకుబడి ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి మా పని చేసిపెట్టమంటే చేయరు, వాళ్ల కష్టంలో ముందు మీరు కనబడాలి. 1984లో బ్రిటన్‌లో బొగ్గు గని కార్మికులు సమ్మెకు దిగినప్పుడు లండన్‌లో కొందరు గే, లెస్బియన్ యువకులు బకెట్లు పట్టుకుని చందాలు వసూలు చేసి సౌత్ వేల్స్‌లోని డులైస్ లోయకు పంపారు. మొదట్లో గని కార్మికుల ఊళ్లలో వాళ్లను వింతగానే చూశారు. సమ్మె ఓడిపోయింది. కానీ 1985 వేసవిలో లండన్ ప్రైడ్ ఊరేగింపులో గని కార్మికులు తమ జెండాలతో వచ్చి నడిచారు. అదే ఏడాది లేబర్ పార్టీ మహాసభ గే, లెస్బియన్ హక్కుల తీర్మానాన్ని ఆమోదించడంలో గని కార్మికుల సంఘం ఓట్లు కలిసొచ్చాయి. మీ యూనివర్సిటీలో ఫీజుల మీదో, హాస్టల్ మీదో, కాంట్రాక్టు ఉద్యోగుల జీతాల మీదో ఎవరో ఒకరు పోరాడుతూనే ఉంటారు. వాళ్ల శిబిరంలో ఒక పూట కూర్చుని రండి. జెండా తీసుకెళ్లాలా వద్దా అనేది మీ ఇష్టం.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వచ్చినదీ ఖర్చయినదీ ఒక నోటు పుస్తకంలో రాయండి, ఇద్దరు చూడండి, నెలకోసారి అందరికీ చదివి వినిపించండి. నేను చూసిన సంఘాల్లో సిద్ధాంతాల మీద చీలినవాటికన్నా రసీదుల మీద చీలినవే ఎక్కువ.

మరి ర్యాలీ? అది రిజిస్ట్రార్ కాదన్న రోజుకు అట్టేపెట్టుకోండి. ఉత్తరం, సమావేశం, సంతకాలు, ఉపాధ్యాయ సంఘం తీర్మానం, పత్రికలో వ్యాసం, ఇవన్నీ అయ్యాక కూడా జవాబు రాకపోతే అప్పుడు ఆ గేటు ముందు నిలబడితే ఎందుకు నిలబడ్డారో దారిన పోయేవాళ్లకు కూడా ఒక్క వాక్యంలో అర్థమవుతుంది.

మానేద్దామన్న ఆ ఒక్కరినీ తోసేయకండి. అలసిపోయినవాళ్లకు మూడు నెలలు సెలవిచ్చి, తిరిగొచ్చే చోటు ఉంచండి.

వచ్చే సమావేశానికి చార్టు, స్కెచ్ పెన్నులు తీసుకెళ్తారని నాకు తెలుసు. వాటిని కాసేపు పక్కన పెట్టి మొదటి అరగంట ఆ అమ్మాయికి ఇవ్వండి. ఇంకా ఎక్కడెక్కడ ఆ ఫొటో ఉందో తీసేయించే పని ఒకరు తీసుకోండి. సర్టిఫికెట్ల కోసం ఆ ఇంటికి వెళ్లాలా, లాయరుతో కబురు పెట్టాలా, నకళ్లకు దరఖాస్తు చేయాలా అన్నది ఆమెనే అడగండి. ఏది ఎంచుకుంటే దానికి ఎవరు తోడు వెళ్తారో, ఏ రోజు వెళ్తారో అక్కడే తేల్చుకుని రాసుకోండి.